ఫార్మల్ పద్ధతుల ప్రాజెక్టుకు కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్: ఏ దారి ఎవరికి నప్పుతుంది

ఫార్మల్ పద్ధతుల్లో, అంటే ప్రోగ్రాం తన స్పెసిఫికేషన్‌కు తగ్గట్టే నడుస్తుందని గణిత నిరూపణతో తేల్చే పద్ధతుల్లో, ‘ఈ మాడ్యూల్ నిరూపితం’ అని రికార్డులో రాసిన ప్రతిసారీ నిజానికి నాలుగు వెర్షన్ల గురించి ఒకే మాట చెబుతున్నాం. స్పెసిఫికేషన్ ఏది, కోడ్ ఏది, నిరూపణ స్క్రిప్టు ఏది, దాన్ని సరిచూసిన ప్రూవర్ (నిరూపణను తనిఖీ చేసే ప్రోగ్రాం) ఏది? వీటిలో ఒక్కటి కదిలినా పాత మాట చెల్లదు. ఈ వెర్షన్లన్నిటినీ కలిపి నిలబెట్టుకోవడమే కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్. మామూలు సాఫ్ట్‌వేర్‌లో కంపైలర్ వెర్షన్ ఒక మెట్టు పెరిగితే ప్రోగ్రాం చాలావరకు అలాగే నడుస్తుంది. ఇక్కడ జెడ్3 సాల్వర్ (నిరూపణను తానే వెతికే ప్రోగ్రాం) ఒక మెట్టు పెరిగితే, స్పెసిఫికేషన్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, నిన్న రెండు సెకన్లలో తేలిపోయిన ప్రూఫ్ ఆబ్లిగేషన్ (నిరూపించి తీరాల్సిన వాక్యం) ఈరోజు టైమౌట్ కావచ్చు.

అందుకే వెర్షన్లు దాచే పరికరం గిట్టా, సబ్‌వెర్షనా అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం తొందరపాటు. ముందుగా తేల్చుకోవాల్సింది వేరే ఉంది. కొన్నేళ్ల తర్వాత మీరు ఏ వాక్యాన్ని, ఎవరి ముందు, ఎంత సమయంలో మళ్లీ సరిచూపించాలి? పరిశోధన ప్రోటోటైపుకు ఒక జవాబు ఉంటుంది, రైల్వే సిగ్నలింగ్‌కు మరొకటి, క్లౌడ్ సర్వీసు ప్రోటోకాల్ మోడల్‌కు ఇంకొకటి. ఈ జవాబు చేతిలో ఉంటే కింది ఎంపికల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

వెర్షన్‌లోకి రాకుండా జారిపోయేవి

స్పెసిఫికేషన్‌నీ, కోడ్‌నీ ఎవరూ మరిచిపోరు. నిరూపణ అర్థాన్ని నిర్ణయించే చిన్న ఫైళ్లూ, సెట్టింగులే జారిపోతాయి. టీఎల్ఏ ప్లస్ అనే స్పెసిఫికేషన్ భాషలో డాట్ టీఎల్ఏ ఫైలు రిపాజిటరీలో ఉంటుంది, కానీ టీఎల్‌సీ మోడల్ చెకర్‌కు (మోడల్ చేరగల స్థితులన్నీ వెతికి చూసే పరికరానికి) ఇచ్చే డాట్ సీఎఫ్‌జీ ఫైలు ఒకరి లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. నోడ్లు మూడా ఐదా, మెసేజ్ క్యూ పొడవు ఎంత, సిమెట్రీ (ఒకేలాంటి స్థితుల్ని ఒకటిగా లెక్కించడం) వాడారా, ఏ ఇన్వేరియంట్లు (ఎప్పుడూ నిజంగా ఉండాల్సిన షరతులు) చూశారు అన్నవన్నీ దానిలోనే ఉంటాయి. అది లేకుండా ‘మోడల్ చెక్ అయింది’ అంటే ఏం చెక్ అయిందో ఎవరికీ తెలియదు.

సీ కోడ్‌ను నిరూపించే ఫ్రామా-సీ వాడేవాళ్లు టార్గెట్ యంత్రాన్ని చెప్పే ‘మాష్‌డెప్’ ఎంపికను వెర్షన్‌లో ఉంచాలి. పూర్ణాంకం వెడల్పు మారితే ఓవర్‌ఫ్లో ఆబ్లిగేషన్లన్నీ మారిపోతాయి. ప్రీప్రాసెసర్ ఫ్లాగుల సంగతీ ఇంతే. సీ కోడ్‌ను నిరూపించామంటే, ఫలానా ఫ్లాగులతో ప్రీప్రాసెస్ అయి వచ్చిన పాఠాన్ని నిరూపించామనే అర్థం. సెల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ నిరూపణలు ఆర్కిటెక్చర్‌కొకటి (ప్రాసెసర్ రకానికొకటి) చొప్పున విడివిడిగా నడిచేది ఇందుకే. ఆర్మ్‌కు నిలిచిన సిద్ధాంతం రిస్క్-ఫైవ్‌కు దానంతటది నిలవదు. బీ పద్ధతికి వాడే పరికరం అటెలియే బీలో వాడుకరి సొంతంగా చేర్చిన నిరూపణ నియమాలుండే డాట్ పీఎంఎం ఫైళ్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ ఒక తప్పు నియమం చేరిందంటే దాని మీద ఆధారపడిన నిరూపణలన్నీ ‘ఆకుపచ్చగా’ కనిపిస్తూనే విలువ కోల్పోతాయి. అలాంటి ఫైలుకు కోడ్ కంటే కఠినమైన సమీక్ష పెట్టండి.

వీటితో పాటు టైమౌట్లు, సాల్వర్ స్టెప్ పరిమితులు, రాండమ్ సీడ్ (సాల్వర్ యాదృచ్ఛిక ఎంపికలకు మొదటి సంఖ్య), టాక్టిక్ ప్రొఫైళ్లు (ఏ నిరూపణ ఎత్తుగడలు ఏ క్రమంలో వాడాలో చెప్పేవి) కూడా ఫైల్లోకి రావాలి. ఐడీఈ (కోడ్ రాసే ఎడిటర్) ప్రిఫరెన్స్ విండోలో ఉన్న ఏ సెట్టింగైనా వెర్షన్‌లో లేనట్టే లెక్క.

అసలు ఎంపిక: సాల్వర్ ఫలితాల్ని భద్రపరచాలా, ప్రతిసారీ మళ్లీ రాబట్టాలా?

చేత్తో రాసిన నిరూపణ స్క్రిప్టులున్న చోట ఈ ప్రశ్నే రాదు. రాక్ (2025 దాకా దీని పేరు కాక్), ఇసబెల్, లీన్ అనే ప్రూవర్లలో స్క్రిప్టే మూలం. దాన్ని కంపైల్ చేస్తే వచ్చే డాట్ వీఓ, డాట్ ఓలీన్ ఫైళ్లు, ఇసబెల్ హీప్ ఇమేజ్‌లు ఎప్పుడు కావాలంటే అప్పుడు పుట్టించుకోగలిగేవి. వాటిని కమిట్ చేయకండి, అంటే రిపాజిటరీలో నమోదు చేయకండి. డాట్ వీఓ ఫైలు తనను పుట్టించిన ప్రూవర్ వెర్షన్‌కు కట్టుబడి ఉంటుంది. పాత వీఓ ఒకటి, కొత్త వీఓ ఒకటి కలిస్తే రెండు లైబ్రరీల ఊహలు పొసగడం లేదంటూ ప్రూవర్ ఆగిపోతుంది. తీరా చూస్తే నిరూపణలో లోపమేమీ ఉండదు, మిగిలిపోయిన పాత ఫైలే కారణం. బిల్డ్ సమయం భారమైతే కమిట్ బదులు కాష్ సర్వర్ పెట్టుకోవాలి. లీన్ గణిత లైబ్రరీ మ్యాత్‌లిబ్ వాడేవాళ్లు ముందే కంపైలైన ఓలీన్ ఫైళ్లను హ్యాష్ (పాఠం నుంచి లెక్కించే గుర్తు) ఆధారంగా కాష్ నుంచి దించుకునేది ఈ కారణంతోనే.

చిక్కంతా వై3, ఫ్రామా-సీ, స్పార్క్, డాఫ్నీ, ఎఫ్-స్టార్ లాంటి ఆటోమేటిక్ పరికరాల దగ్గర. అక్కడ మనం రాసేది కాంట్రాక్టులు (ఫంక్షన్‌కు ముందూ తర్వాతా నిలవాల్సిన షరతులు), ఇన్వేరియంట్లు మాత్రమే, నిరూపణను వెతికేది సాల్వర్. ఆ వెతుకులాట చాలా సున్నితమైనది. ఒక చలరాశి పేరు మార్చినా, సంబంధం లేని ఒక లెమ్మాను (సహాయక సిద్ధాంతాన్ని) పైన చేర్చినా వెతికే దారి మారిపోవచ్చు. ఇక్కడ మూడు దారులున్నాయి.

మొదటిది, ఏమీ భద్రపరచకపోవడం. ప్రతి బిల్డ్‌లో సాల్వర్లను మొదటి నుంచి నడుపుతారు. డాఫ్నీ ప్రాజెక్టులు ఎక్కువగా ఇలాగే నడుస్తాయి. రిపాజిటరీ శుభ్రంగా ఉంటుంది, మెర్జ్ (ఇద్దరి మార్పుల్ని కలపడం) తగాదాలు ఉండవు. దీనికి చెల్లించే మూల్యం అస్థిరత. డెవలపర్ యంత్రంలో దాటిన ఆబ్లిగేషన్ సీఐ (ప్రతి మార్పుకూ తానే బిల్డ్ నడిపే వ్యవస్థ) యంత్రంలో దాటదు. దీన్ని తట్టుకోవాలంటే సెకన్లలో చెప్పే టైమౌట్‌ను వదిలేసి వనరుల పరిమితిని వాడాలి. డాఫ్నీలో ‘రిసోర్స్-లిమిట్’, స్పార్క్‌లో ‘స్టెప్స్’ ఉన్నవి దీనికోసమే. సెకన్లు యంత్రం వేగాన్ని బట్టి మారతాయి. స్టెప్పుల లెక్క, సాల్వర్ వెర్షన్ అదే అయినంత వరకు, ఏ యంత్రంలోనైనా ఒకటే. రాత్రిపూట నడిచే బిల్డ్‌లో పది వేర్వేరు సీడ్లతో అన్నీ నడిపి, ఒక్క సీడ్‌కైనా పడిపోయిన ఆబ్లిగేషన్లను జాబితా చేయండి. డాఫ్నీలో ‘మెజర్-కాంప్లెక్సిటీ’ ఆదేశం ఈ పనికే ఉంది. పరిమితిలో సగం దాటి ఖర్చు చేస్తున్న ఆబ్లిగేషన్ ఇవాళ నిలిచినా, రేపటి పేచీ అదే. మధ్యలో ఒక అసర్షన్ చేర్చో, లెమ్మాను విడదీసో దాన్ని అప్పుడే బాగుచేయాలి.

రెండోది, సెషన్‌ను కమిట్ చేయడం. ఏ లక్ష్యాన్ని (ఆబ్లిగేషన్‌ను) ఏ ప్రూవర్, ఏ వెర్షన్, ఎంత సమయంలో, ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ల (లక్ష్యాన్ని విడదీసే, మార్చే మెట్ల) తర్వాత తేల్చిందో వై3 ఒక ఎక్స్ఎంఎల్ సెషన్ ఫైల్లో రాస్తుంది. పక్కనే ఉండే ‘షేప్స్’ ఫైలు, కోడ్ మారిన తర్వాత పాత ప్రయత్నాన్ని దానికి దగ్గరగా ఉన్న కొత్త లక్ష్యానికి జతచేయడానికి పనికొస్తుంది. ఆ రెండింటినీ కలిపే కమిట్ చేయాలి. ఒక్కటే వచ్చిందంటే జతచేయడం దెబ్బతిని, చేత్తో విడదీసుకున్న లక్ష్యాలు చెల్లాచెదరవుతాయి. సీఐలో ‘రీప్లే’ నడిపితే రికార్డులో ఉన్న ప్రయత్నాలనే మళ్లీ చేసి చూస్తుంది, తేడా వస్తే సున్నా కాని కోడ్‌తో ముగుస్తుంది. స్పార్క్‌లోనూ ప్రాజెక్టు ఫైల్లో నిరూపణల డైరెక్టరీని చూపించి, ఆ డైరెక్టరీని కమిట్ చేసి, సీఐలో ‘రీప్లే’ వాడవచ్చు. ఎఫ్-స్టార్‌లో హింట్ ఫైళ్లదీ దాదాపు ఇదే పాత్ర. ముందుసారి సాల్వర్‌కు నిజంగా అవసరపడిన వాస్తవాల్ని గుర్తుపెట్టుకుని, తర్వాతిసారి వాటినే అందిస్తాయి.

ఈ దారిలో పెద్ద ఇబ్బంది మెర్జ్. ఇద్దరు వేర్వేరు బ్రాంచీల్లో నిరూపించుకుంటే సెషన్ ఫైలు రెండుచోట్లా మారి ఉంటుంది. గిట్ దాన్ని వరస వరసగా కలిపితే ఎక్స్ఎంఎల్ పైకి బాగానే కనిపించినా లోపల ఐడీలు తారుమారవుతాయి. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్లో సెషన్ ఫైళ్లకు పాఠ్య మెర్జ్‌ను ఆపేయండి. తగాదా వచ్చినప్పుడు ఒక పక్క ఫైలును పూర్తిగా తీసుకుని, కోడ్ కలిపిన తర్వాత రీప్లే చేసి, మిగిలిన లక్ష్యాల్ని మళ్లీ నిరూపించి సెషన్‌ను కొత్తగా రాయించాలి. చేత్తో ఎక్స్ఎంఎల్ దిద్దడం వద్దు. ఒక సెషన్ ఫైలు అందరికీ కాకుండా మాడ్యూల్‌కొకటి చొప్పున పెట్టుకుంటే తగాదాలు చాలావరకు తగ్గిపోతాయి.

మూడోది, ఫలితాల కాష్. ఫ్రామా-సీలో నిరూపణ పని చూసే డబ్ల్యూపీ ప్లగిన్‌లో ఈ కాష్‌కు చాలా రీతులున్నాయి. ‘అప్‌డేట్’ కాష్‌లో ఉన్నది వాడుకుంటూ, లేనిది నిరూపించి దాచుకుంటుంది. ‘రీప్లే’ కొత్తవాటిని నడుపుతుంది కానీ దాచదు. ‘ఆఫ్‌లైన్’ సాల్వర్‌ను పిలవనే పిలవదు. ‘రీబిల్డ్’ కాష్‌ను పట్టించుకోకుండా అన్నిటినీ మళ్లీ నడిపి కొత్తగా రాస్తుంది. రోజువారీ పనికి ‘అప్‌డేట్’, సీఐకి ‘రీప్లే’, విడుదలకు ముందు తప్పకుండా ‘రీబిల్డ్’ అన్నది మా సిఫారసు. కాష్‌ను నమ్మి విడుదల చేయడమంటే, ఆ కాష్‌లోకి రాయగలిగిన ప్రతి ఒక్కరినీ ప్రూవర్ అంతగా నమ్మినట్టు. ఇది చిన్న విషయం కాదు.

మూడింటిలో ఏది? ఆబ్లిగేషన్లు కొన్ని వందలే ఉండి, చాలావరకు ఒకే సాల్వర్‌తో తేలుతుంటే మొదటి దారి చాలు, పైగా స్పెసిఫికేషన్‌ను గట్టిగా రాసే అలవాటు పడుతుంది. ఒక్కో లక్ష్యాన్ని వేర్వేరు సాల్వర్లకు పంచుతున్నా, చేత్తో ట్రాన్స్‌ఫర్మేషన్లు పెడుతున్నా సెషన్ కమిట్ తప్పదు. ఆ శ్రమే అసలు నిరూపణ కాబట్టి దాన్ని పోగొట్టుకోలేం. కాష్ వేగం కోసం. పై రెండింటిలో దేనికైనా తోడుగా పెట్టుకోవచ్చు, వాటి స్థానంలో మాత్రం కాదు.

ఇసబెల్‌లో ఒక ప్రత్యేక సందర్భం ఉంది. దానిలోని స్లెడ్జ్‌హామర్ పరికరం బయటి ప్రూవర్లతో వెతికి ‘మెటిస్’ పిలుపును సూచిస్తే, ఆ నిరూపణ ఇసబెల్ లోపలే నడుస్తుంది, బయటి ప్రూవర్ వెర్షన్‌తో సంబంధం ఉండదు. ‘ఎస్ఎంటీ’ పిలుపును సూచిస్తే మాత్రం ప్రతి బిల్డ్‌లో సాల్వర్ మళ్లీ కావాలి. ఎక్కువకాలం బతకాల్సిన రిపాజిటరీలో మెటిస్‌నే ఎంచుకోండి, కొంచెం నెమ్మదైనా సరే.

టెక్స్ట్ ఫైళ్లా, మోడల్ పరికరం సొంత ఫార్మాటా?

ఈవెంట్-బీ అనే మోడలింగ్ భాషకు వాడే రోడిన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మెషిన్ (మోడల్‌లో మారే భాగం) డాట్ బీయూఎం ఫైల్లో, కాంటెక్స్ట్ (మారని భాగం) డాట్ బీయూసీలో, నిరూపణలు డాట్ బీపీఆర్‌లో ఉంటాయి. ఈ మూడూ కమిట్ కావాలి. డాట్ బీసీఎం, డాట్ బీసీసీ, డాట్ బీపీఓ, డాట్ బీపీఎస్ ఫైళ్లను పరికరం మళ్లీ పుట్టిస్తుంది కాబట్టి వాటిని ఇగ్నోర్ జాబితాలో పెట్టాలి. ఇవి రిపాజిటరీలోకి చొరబడితే ప్రతి కమిట్‌లో వందల వరసల తేడా కనిపిస్తుంది, సమీక్షకుడు అసలు మార్పును చూడలేడు.

అన్నీ ఎక్స్ఎంఎల్ అయినా ఇవి మనుషులు చదవడానికి రాసినవి కావు. ఒక ఈవెంట్‌లో గార్డ్ (అది జరగడానికి షరతు) చేరిస్తే తేడాలో లోపలి పేర్లు కూడా కదులుతాయి. రెండు మార్గాలున్నాయి. కామిల్-ఎక్స్ ప్లగిన్‌తో మోడల్‌ను టెక్స్ట్ రూపంలో రాసి, దాన్నే మూలంగా ఉంచుకోవచ్చు. అప్పుడు మామూలు బ్రాంచీలు, మామూలు సమీక్ష పనిచేస్తాయి. లేదంటే సొంత ఫార్మాట్‌నే ఉంచి, ఒక సమయంలో ఒక మెషిన్‌ను ఒకరే దిద్దాలన్న తాళం పద్ధతి పాటించవచ్చు. సబ్‌వెర్షన్‌లోని ‘నీడ్స్-లాక్’ ప్రాపర్టీ ఈ పనికి ఇప్పటికీ బాగా సరిపోతుంది. ముగ్గురు నలుగురున్న జట్టుకు, రిఫైన్‌మెంట్ మెట్లు (మోడల్‌కు అంచెలంచెలుగా వివరాలు చేర్చేవి) ఒకదాని తర్వాత ఒకటి నడిచే చోట, తాళం పద్ధతి పాతదని తీసిపారేయకండి. పై మెట్టు మెషిన్ మారితే కింది మెట్ల ఆబ్లిగేషన్లన్నీ కదులుతాయి. ఇద్దరు ఒకేసారి రెండు మెట్లు దిద్దడం ఎలాగూ నష్టమే.

రోడిన్‌లో ఊరట కలిగించే సంగతి ఒకటుంది. నిరూపణ తనకు నిజంగా అవసరమైన హైపోథెసిస్‌లను మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. కొత్త ఇన్వేరియంట్ చేరినా, పాత నిరూపణ వాడుకున్నవి అలాగే ఉంటే అది చెల్లుతూనే ఉంటుంది. అందుకే బీపీఆర్ ఫైళ్లను ‘మళ్లీ పుట్టేవే కదా’ అని వదిలేయకూడదు. ఆటో-ప్రూవర్ తేల్చినవి మళ్లీ వస్తాయి, చేత్తో చేసినవి రావు.

టీఎల్ఏ ప్లస్‌లో ఫార్మాట్ సమస్య ఉండదు, అంతా టెక్స్టే. కానీ అల్గోరిథమ్ రాసి టీఎల్ఏ ప్లస్‌లోకి అనువదించుకునే ప్లస్‌కాల్ భాష వాడితే, మూల అల్గోరిథమ్, దాని అనువాదం ఒకే ఫైల్లో ఉంటాయి. అనువాదం మొదలయ్యే వరసలో రెండు చెక్‌సమ్‌లు (పాఠం మారిందేమో పట్టిచ్చే గుర్తులు) ఉంటాయి. మెర్జ్‌లో అనువాదం పాతదై, అల్గోరిథమ్ కొత్తదైతే మోడల్ చెకర్ పాత అల్గోరిథమ్‌నే పరీక్షించి ‘తప్పు లేదు’ అంటుంది. ఇది చాలా ప్రమాదకరమైన మౌనం. చెక్‌సమ్ సరిపోకపోతే పరికరం హెచ్చరిస్తుంది, కానీ హెచ్చరికను సీఐ వైఫల్యంగా మార్చుకోవడం మీ పని. మెర్జ్ తర్వాత అనువాదాన్ని మళ్లీ నడిపి, ఫైలు మారిందంటే బిల్డ్ ఆపేయండి.

పరికరాల వెర్షన్‌ను కట్టేయడం: ఓపామ్, నిక్స్, కంటైనర్

లీన్ వాడేవాళ్లకు ఇక్కడ ఆలోచించాల్సిందేమీ లేదు. ‘లీన్-టూల్‌చైన్’, ‘లేక్-మానిఫెస్ట్’ ఫైళ్లు రెండూ కమిట్ చేస్తే ప్రూవర్ వెర్షన్, ఆధారపడిన లైబ్రరీల కమిట్లు ఖాయమవుతాయి. ఇసబెల్ అధికారిక విడుదల తనతో పాటే బయటి ప్రూవర్లను కట్టి ఇస్తుంది. ఆ విడుదల ఆర్కైవ్‌నూ, దాని హ్యాష్‌నూ దాచుకుంటే దాదాపు సరిపోతుంది.

రాక్, వై3, ఫ్రామా-సీ మూడూ ఓకామల్ లోకానివి కాబట్టి మొదట చేతికొచ్చేది ఆ భాష ప్యాకేజీ మేనేజర్ ఓపామ్. స్విచ్‌ను (దానిలోని ప్యాకేజీల సమితిని) పూర్తిగా ఎక్స్‌పోర్ట్ చేసి కమిట్ చేస్తే ప్యాకేజీ వెర్షన్లు నిలుస్తాయి. కానీ సిస్టమ్ లైబ్రరీలు, ఓపామ్ బయట పెట్టుకున్న సాల్వర్లు దాని చేతిలో ఉండవు. ఒకరి యంత్రంలో జెడ్3 ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీ నుంచి, ఇంకొకరి యంత్రంలో ఓపామ్ నుంచి వస్తుంది. ఇద్దరిదీ ఒకే కమిట్, ఫలితాలు మాత్రం వేరు. పరిశోధన జట్టుకు ఓపామ్ చాలు, అయితే బిల్డ్ మొదట్లోనే ప్రతి సాల్వర్ వెర్షన్‌ను అడిగి, రిపాజిటరీలో రాసిపెట్టిన దానితో సరిపోకపోతే అక్కడే ఆగే పదివరసల స్క్రిప్టు తప్పనిసరి.

కంటైనర్లు (ప్రోగ్రాంనీ, దానికి కావాల్సినవాటినీ ఒకే ఇమేజ్‌గా కట్టేవి) కొత్తవాళ్లకు తేలిక, సీఐకి నేరుగా సరిపోతాయి. వీటిలో పొరపాటు ఎప్పుడూ ఒకటే, ఇమేజ్‌ను ట్యాగ్‌తో పిలవడం. ట్యాగ్ కింద ఉన్న వస్తువు రేపు మారవచ్చు, ఇమేజ్ హ్యాష్ అయిన డైజెస్ట్ మారదు. ఇంకో పొరపాటు, ఇమేజ్ కట్టే ఆదేశాలుండే డాకర్‌ఫైల్‌నే భద్రత అనుకోవడం. దానిలో ప్యాకేజీల అప్‌డేట్ వరస ఒక్కటి ఉన్నా, వచ్చే ఏడాది అదే ఫైలు వేరే ఇమేజ్‌ను కడుతుంది. కట్టిన ఇమేజ్‌నే టార్ ఫైలుగా ఎగుమతి చేసి బేస్‌లైన్‌తో (ఖాయం చేసి నిలిపిన వెర్షన్‌తో) పాటు దాచాలి.

నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ ఈ మూడింటిలో కచ్చితమైనది. ‘ఫ్లేక్ లాక్’ ఫైలుతో ప్రూవర్, సాల్వర్లు, సీ లైబ్రరీ దాకా అన్నీ హ్యాష్‌తో నిలుస్తాయి. రెండు సాల్వర్ వెర్షన్లను పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా ఇందులో సుళువు. నేర్చుకోవడానికి జట్టులో ఒకరైనా ఓపికగా కూర్చోవాలి. ఆ ఒక్కరు వెళ్లిపోతే ఎవరూ ముట్టుకోరు, అదే దీని బలహీనత. అలాగే లాక్ ఫైలు మూలాల చిరునామాలనే చెబుతుంది, మూలాల్ని దాచదు. దీర్ఘకాలం కావాలంటే మొత్తం క్లోజర్‌ను (ఆధారపడినవన్నిటినీ) ఎగుమతి చేసి పెట్టుకోవాలి.

మా మొగ్గు ఇది: పదేళ్లు బతకాల్సిన ప్రాజెక్టుకు నిక్స్‌తో కట్టిన ఇమేజ్, దాని టార్ ఎగుమతి. రెండేళ్ల ప్రాజెక్టుకు డైజెస్ట్‌తో పిలిచే కంటైనర్. అంతకంటే చిన్నదానికి ఓపామ్, వెర్షన్ చెక్ స్క్రిప్టు.

ఒకే రిపాజిటరీయా, విడివిడిగానా?

కోడ్, స్పెసిఫికేషన్, నిరూపణ మూడూ ఒకే జట్టువైతే ఒకే రిపాజిటరీ. ఇందులో పెద్దగా తర్కించాల్సింది లేదు. ఒక కమిట్ నంబర్ చెబితే నాలుగు వెర్షన్లలో మూడు తేలిపోతాయి, నాలుగోది టూల్ లాక్ ఫైలు చెబుతుంది.

కోడ్ జట్టు వేరు, నిరూపణ జట్టు వేరు, రెండింటి వేగం వేరు అయినప్పుడు విడదీయక తప్పదు. సెల్4లో 2009 నాటికే సుమారు 8,700 వరసల సీ కోడ్‌కు 2,00,000 వరసల ఇసబెల్ స్క్రిప్టు ఉండేది. ఇంత నిష్పత్తి ఉన్నచోట కోడ్‌లో చిన్న మార్పు నిరూపణకు వారాల పని కావచ్చు. వాళ్లు కెర్నల్, నిరూపణలు, ఇసబెల్ అన్నీ వేర్వేరు రిపాజిటరీల్లో ఉంచి, ఏ కమిట్ ఏ కమిట్‌తో కలుస్తుందో ఒక మానిఫెస్ట్ ఫైల్లో రాసి, ‘రెపో’ పరికరంతో దించుతారు. మానిఫెస్టే ఇక్కడ అసలైన కాన్ఫిగరేషన్ ఐటెమ్. రెండు మానిఫెస్టులు ఉంచుకోవడం మంచిది. ఒకటి అన్ని బ్రాంచీల చివర్లను అనుసరించేది, రెండోది చివరిసారి అన్నీ కలిసి నిరూపితమైన కమిట్లను చెప్పేది. రెండోదాన్ని మనుషులు దిద్దకూడదు, పూర్తి బిల్డ్ నెగ్గినప్పుడు సీఐ మాత్రమే రాయాలి.

గిట్ సబ్‌మాడ్యూళ్లతోనూ (ఒక రిపాజిటరీ లోపల ఇంకొకదాన్ని ఫలానా కమిట్ దగ్గర నిలిపేవి) ఇదే చేయవచ్చు. అయితే డెవలపర్ సబ్‌మాడ్యూల్‌ను అప్‌డేట్ చేయడం మరిచిపోతే పాత కోడ్ మీద నిరూపించి ‘నెగ్గింది’ అనుకుంటాడు. బిల్డ్ స్క్రిప్టు సబ్‌మాడ్యూల్ స్థితి చూసి, శుభ్రంగా లేకపోతే నిరాకరించాలి.

ఎలా విడదీసినా ఒక ప్రమాదం అందరికీ ఒకటే. రెండు బ్రాంచీలూ విడివిడిగా నిరూపితమై, కలిపితే విరిగిపోవచ్చు. ఒకరు ఒక నిర్వచనంలోని షరతును సడలిస్తారు, మరొకరు పాత షరతు మీద కొత్త లెమ్మా రాస్తారు. వరసలు ఎక్కడా తగలవు కాబట్టి గిట్ నిశ్శబ్దంగా కలిపేస్తుంది. కాబట్టి నిరూపించాల్సింది మెర్జ్ ఫలితాన్ని. కలిపిన స్థితిని ముందు నిరూపించి, నెగ్గితేనే ప్రధాన బ్రాంచీకి చేర్చే మెర్జ్ క్యూ పెట్టండి. మ్యాత్‌లిబ్ ‘బోర్స్’ అనే బాట్‌తో ఈ పద్ధతినే వాడింది. ఒక్కో బిల్డ్‌కు గంటలు పడితే మార్పుల్ని గుంపుగా కలిపి నిరూపించి, పడిపోతే గుంపును రెండుగా చీల్చాలి.

ప్రూవర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు

వెంటనే అనుసరించడం, గడ్డకట్టించి ఉంచడం అనే రెండు విధానాలూ సరైనవే, సగం సగం చేయడమే తప్పు. ఇసబెల్ వాళ్ల ‘ఆర్కైవ్ ఆఫ్ ఫార్మల్ ప్రూఫ్స్’ 2004 నుంచి మొదటి విధానంలో నడుస్తోంది. ప్రతి ఇసబెల్ విడుదలకు అందులోని ఎంట్రీలన్నీ మళ్లీ సరిపోయేలా దిద్దుతారు. మీ నిరూపణ ఇతరులకు లైబ్రరీగా పనికొచ్చేదైతే ఈ దారిలోనే వెళ్లాలి. ఒకసారి రెండు మూడు విడుదలలు వెనకబడితే, ఆ తర్వాత పట్టుకోవడం విడుదలకొకసారి దిద్దడం కంటే చాలా ఖరీదు.

సర్టిఫై అయిన ఉత్పత్తి అయితే గడ్డకట్టించండి. విమానయాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీఓ-178సీకి ఫార్మల్ పద్ధతుల అనుబంధం డీఓ-333, పరికరాల అర్హతకు డీఓ-330. రెండూ 2011లో వచ్చాయి. పరికరానికి ఇచ్చే అర్హత ఫలానా వెర్షన్‌కు, అది నడిచే ఫలానా వాతావరణానికి (యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్) మాత్రమే. సాల్వర్‌ను మార్చడమంటే ఆ పత్రాల పని మళ్లీ తెరవడం. రైల్వే సాఫ్ట్‌వేర్ ప్రమాణం ఈఎన్ 50128, దాని స్థానంలో 2023లో వచ్చిన ఈఎన్ 50716 పరికరాల్ని టీ1, టీ2, టీ3 అని తరగతులుగా చూస్తాయి. తనిఖీకి వాడే ప్రూవర్ టీ2, కోడ్‌ను పుట్టించేది టీ3. మీ పరికరం రెండు పనులూ చేస్తుంటే ఏ భాగం ఏ తరగతో కాన్ఫిగరేషన్ పత్రంలో విడిగా రాయండి.

గడ్డకట్టించినా, ఏడాదికొకసారి ఒక పక్క బ్రాంచీలో కొత్త వెర్షన్‌తో నడిపి, ఎన్ని ఆబ్లిగేషన్లు పడిపోయాయో లెక్క రాసుకోండి. పాత ప్రూవర్‌లో సౌండ్‌నెస్ లోపం (తప్పు వాక్యాన్ని కూడా నిరూపితమనే లోపం) బయటపడి ఒక్కసారిగా మారాల్సి వస్తే, ఆ లెక్కే మీకు సమయం ఎంత పడుతుందో చెబుతుంది. ఇలాంటి మార్పులో స్పెసిఫికేషన్ మార్పును కలపకండి. టూల్ మార్పు ఒక కమిట్, దానివల్ల దిద్దిన నిరూపణలు ఇంకొక కమిట్. తర్వాత గిట్ బైసెక్ట్‌తో, తప్పు ఏ కమిట్‌లో మొదలైందో చరిత్రను సగం సగం చేస్తూ వెతికేటప్పుడు ఈ విడదీత ప్రాణం పోస్తుంది. ప్రతి కమిట్ తన సొంత టూల్ వెర్షన్‌తోనే నడవాలి, వాతావరణమే కట్టుబడని కమిట్‌కు స్క్రిప్టు 125 కోడ్ ఇవ్వాలి. అప్పుడు బైసెక్ట్ దాన్ని మంచిదనో చెడ్డదనో తేల్చకుండా దాటేస్తుంది.

బేస్‌లైన్ గీసే ముందు

బిల్డ్ ఆకుపచ్చగా ఉండటం ఒక్కటే చాలదు. ఏ ఊహల మీద నిలబడిందో కూడా బేస్‌లైన్‌లో భాగం. రాక్‌లో ‘ప్రింట్ అజంప్షన్స్’, లీన్‌లో ‘ప్రింట్ యాక్సియమ్స్’ ఆదేశాన్ని ముఖ్య సిద్ధాంతాలన్నిటి మీదా నడిపి, ఆ ఫలితాన్ని ఒక ఫైల్లో కమిట్ చేయండి. సీఐ ప్రతిసారీ పోల్చాలి. లీన్‌లో మామూలుగా కనిపించే యాక్సియమ్‌లు (నిరూపణ లేకుండా ఒప్పుకున్నవి) మూడే: ప్రాపెక్స్ట్, క్లాసికల్ ఛాయిస్, కోషెంట్ సౌండ్. నాలుగోది కనిపిస్తే ఎవరు చేర్చారో, ఎందుకో రాయాలి. ఇసబెల్‌లో ‘క్విక్ అండ్ డర్టీ’ ఎంపిక విడుదల బిల్డ్‌లో లేదని చూడండి, అది ఉంటే ‘సారీ’ (నిరూపణ ఇంకా లేదన్న గుర్తు) పెట్టిన లెమ్మాలు కూడా దాటిపోతాయి. డాఫ్నీలో ‘అస్యూమ్’, స్పార్క్‌లో ‘ప్రాగ్మా అస్యూమ్’, రాక్‌లో ‘అడ్మిటెడ్’ లాంటి, నిరూపించకుండా ఒప్పుకున్నవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కోదానికి కారణం, సమీక్షించినవారి సంతకం ఉండేలా చూడండి. ఈ లెక్క పెరిగిన మెర్జ్ రిక్వెస్టుకు రెండో సమీక్ష తప్పనిసరి చేయాలి.

ఆ తర్వాత ఇన్నాళ్ల ఎంపికలకు అసలు పరీక్ష. మీ ప్రాజెక్టు ఎప్పుడూ చూడని ఒక యంత్రం తీసుకోండి. ఆర్కైవ్ డిస్కు పెట్టి, నెట్‌వర్క్ తీగ తీసేయండి. కాష్‌లన్నీ ఖాళీ చేసి, బేస్‌లైన్ పత్రంలో ఉన్న ఆదేశాల్ని, నిరూపణ రాయని ఒకరితో, వరసగా నడిపించండి. మొదటిసారి చాలామందికి ఇది మధ్యలోనే ఆగిపోతుంది. ఓపామ్ ఇండెక్స్ కోసం బయటికి వెళ్లబోతుంది, లేదా లైసెన్స్ సర్వర్ కనబడదు, లేదంటే ఎవరి హోమ్ డైరెక్టరీలోనో ఉన్న సాల్వర్ పాత్ దొరకదు. ఆగిన ప్రతిచోటా కారణాన్ని ఆర్కైవ్‌లోకి చేర్చి, మళ్లీ మొదటి నుంచి నడపండి. చివరి దాకా వెళ్లిన రోజు ఎంత సమయం పట్టిందో, ఎంత మెమరీ వాడిందో, యంత్రం ప్రాసెసర్ మోడల్ ఏదో రాసి, బేస్‌లైన్ ట్యాగ్‌ను ఆ కమిట్ మీదే పెట్టండి.